ఏడో నంబరు బోరు

లాక్‌డౌన్ అని టీవీలో చెప్పినప్పుడు నేను మిల్లు ప్రహరీ లోపల ఉన్నాను. నా భార్య, ఎనిమిదేళ్ల మా పాప ప్రహరీ బయట ఉన్నారు. వెనక గోడ దాటితే సూరత్‌లోని లింబాయత్ గల్లీలు. మొదటి గల్లీలోనే మా అద్దె గది. గేటు నుంచి చుట్టూ తిరిగి నడిస్తే ఆరేడు నిమిషాలు. ఎన్నో రోజులు డబ్బాలో అన్నం కట్టుకుని ఆ దారినే పనికి వచ్చాను. ఆ సాయంత్రం కూడా ఇంటికి పోదామనే అనుకున్నాను. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే ముందు ఆ స్థలం గురించి చెప్పాలి.

అది బట్టలకు రంగులద్దే మిల్లు. మూతపడి చాలా ఏళ్లయింది. యంత్రాలన్నీ పాత ఇనుము కింద పోయాయి. రెండు రేకుల షెడ్లు, ఒక పొగగొట్టం, చుట్టూ ఎత్తైన గోడ మిగిలాయి. కనిపించకుండా మిగిలింది ఇంకొకటి ఉంది. మిల్లు నడిచిన రోజుల్లో రంగు నీళ్ల అడుగున పేరుకునే బురదను బయటికి పంపకుండా అక్కడే గుంతలు తీసి పూడ్చారట. ఏటేటా వానలకు ఆ బురదలోని మందులు భూమిలోకి దిగాయి. స్థలం చేతులు మారేటప్పుడు మట్టి పరీక్ష చేయిస్తే సంగతి బయటపడింది. ఆ మట్టిని తవ్వి తీసి, కింది నీళ్లను తోడి శుభ్రం చేసే పని ఒక కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీలో శాంపిల్స్ తీసే మనిషిని నేను.

అంతకు ముందు పదమూడేళ్లు మరమగ్గాల మీద ఉన్నాను. సిరిసిల్ల దిక్కు ఊరి నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, ఆ చప్పుడులోనే పెద్దవాణ్నయ్యాను. ఎడమ చెవి సగం పోయింది. ఇక చాలనుకున్నప్పుడు ఈ పని దొరికింది. పదో తరగతి పాసయ్యాను కాబట్టి సీసా మీద ఇంగ్లీషులో నంబరు, తేదీ రాయగలను. అంతకంటే పెద్ద అర్హత ఏమీ లేదు.

మిల్లు ఆవరణలో ఎనిమిది బోర్లు వేశారు. వాడుకోవడానికి కాదు, చూడటానికి. ఒక్కొక్కటి చేతి మణికట్టంత గొట్టం, పైన ఇనుప మూత, తాళం. దారానికి కట్టిన సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి వదిలి నీళ్లు పైకి తీస్తాను. ఎంత లోతులో నీళ్లు తగిలాయో రాసుకుంటాను. సీసాలో పట్టి ల్యాబుకు పంపుతాను. అక్కడికక్కడ చూసుకోవడానికి ఒక చిన్న పెట్టె కూడా ఇచ్చారు. అందులో పొడి పొట్లాలు, గాజు గొట్టాలు, ఒక రంగుల కార్డు ఉంటాయి. బట్టకు రంగు గట్టిగా పట్టడానికి ఒకప్పుడు వాడిన క్రోమియం అనే మందు నీళ్లలో ఉంటే, పొడి వేయగానే గులాబీ రంగు వస్తుంది. ఎంత ముదురుగా వస్తే అంత ఎక్కువ ఉన్నట్టు.

మా ఇంజినీరు సారుది గోదావరి జిల్లా. నాకు పని నేర్పింది ఆయనే. మొదటి రోజే నేల మీద పుల్లతో గీసి చూపించాడు. "భూమి కింద నీళ్లు ఊరికే ఉండవయ్యా. ఇక్కడ ముందు గేటు నుంచి వెనక గోడ వైపుకి మెల్లగా నడుస్తాయి. మనం మధ్యలో పంపు పెట్టి తోడేస్తుంటే గోడ దాటవు. పంపు ఆగిందా, వాటి దారిన అవి పోతాయి. అందుకే వెనక గోడ దగ్గర ఏడో నంబరు పెట్టాం. అది బాగుంటే అన్నీ బాగున్నట్టే."

వెనక గోడ అవతల ఏముందో సారుకు పటం మీద తెలుసు. నాకు కాళ్లతో తెలుసు.

లాక్‌డౌన్ చెప్పిన రోజు ఆవరణలో ఇద్దరమే ఉన్నాం, నేను, వాచ్‌మన్. ఆయనది నవసారి వైపు ఊరు, అరవై దాటిన మనిషి. అందరూ కాకా అంటారు. మట్టి తవ్వేవాళ్లు ఆ వారం పనిలో లేరు. సారు ఫోన్ చేశాడు.

"పంపు నడపడానికి పర్మిషన్ దొరికింది. కానీ లోపల ఉన్నవాళ్లు లోపలే ఉండాలంట. బయటికెళ్తే మళ్లీ రానివ్వరు. కాకా ఒక్కడివల్ల కాదు. మూడు వారాలే కదా, ఉండగలవా?"

ఉంటానన్నాను. గట్టి మనసుతో అన్నది కాదు. మగ్గాలన్నీ బందయ్యాయి, చేతిలో ఉన్న పని అదొక్కటే. పైగా ఇల్లు గోడ అవతలే ఉంది, ఏమన్నా అయితే పరుగెత్తి పోవచ్చు అనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే మా గల్లీలో ఎవరికో కరోనా వచ్చింది. గల్లీకి రెండు దిక్కులా రేకులు కొట్టి, వెదురు కట్టి మూసేశారు. వాళ్లు బయటికి రాలేరు, నేను లోపలికి పోలేను. మూడు వారాలు ఐదయ్యాయి, ఐదు ఏడయ్యాయి.

ఆవరణలో పాత నీళ్ల ట్యాంకు ఒకటి ఎత్తు మీద ఉంది. దాని మెట్లెక్కితే మా బిల్డింగు మేడ కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఐదింటికి నా భార్య పాపను తీసుకుని మేడ మీదికి వచ్చేది. మేడ మీద ఎప్పుడూ జనమే. ఒక్కో గదిలో ఎనిమిది మంది, పది మంది మగ్గాల వాళ్లు. మామూలు రోజుల్లో సగం మంది పనిలో ఉంటే సగం మంది పడుకునేవాళ్లు. ఇప్పుడు అందరూ ఒకేసారి గదిలో ఉండాలి. కాళ్లు చాపుకునే జాగా లేక మేడెక్కి కూర్చునేవాళ్లు. వాళ్ల మధ్యలోంచి పాప చెయ్యి ఊపేది. మొహం కనిపించేది కాదు. చెయ్యి ఊపుతూనే ఫోన్‌లో మాట్లాడేది.

"పప్పా, క్యారే ఆవశో? ఎప్పుడొస్తవ్?"

"వస్త బిడ్డా. జర ఆగాలె."

వారం తర్వాత ఆ మాట అడగడం మానేసింది. చెయ్యి ఊపి కిందికి దిగిపోయేది. అడిగినప్పటికంటే మానేసినప్పుడే ఎక్కువ బాధయింది.

ఏప్రిల్ రెండో వారంలో అసలు చిక్కు వచ్చింది. మేము తోడిన నీళ్లకు మందు కలిపి, ఇసుకలోంచి, బొగ్గులోంచి వడగట్టి రెండు పెద్ద ప్లాస్టిక్ ట్యాంకుల్లో నింపేవాళ్లం. రెండు రోజులకొకసారి లారీ ట్యాంకరు వచ్చి వాటిని ఫ్యాక్టరీలన్నీ కలిసి నడిపే శుద్ధి ప్లాంటుకు తీసుకెళ్లేది. లారీ రావడం ఆగిపోయింది. డ్రైవర్ ఊరికి వెళ్లిపోయాడు, ఇంకో డ్రైవర్ దొరకలేదు. రెండు ట్యాంకులూ మూతి దాకా నిండాయి. సారుకు చెప్పాను.

"నిండితే ఇంకేం చేస్తాం. పంపు ఆపెయ్యి. నాలుగు రోజుల్లో లారీ పంపిస్తాను."

ఆపాను. పంపు చప్పుడు లేకపోయేసరికి ఆవరణలో కాకుల అరుపులు, గేటు బయట పోలీసు జీపు మైకు తప్ప ఏమీ వినిపించలేదు. లారీ రాలేదు. నాలుగు రోజులు పన్నెండయ్యాయి.

నేను మాత్రం ప్రతి పొద్దున ఏడో నంబరు దగ్గరికి వెళ్లి గొట్టం వదిలేవాణ్ని. ఎవరూ చెయ్యమనలేదు. వారానికొకసారి చాలని సారు అన్నాడు. వేరే పని లేదు, కాళ్లు వాటంతటవే అటు నడిచేవి. మొదట్లో పొడి వేసినా నీళ్లు నీళ్లలాగే ఉండేవి. తొమ్మిదో రోజున, గాజు గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పట్టుకుంటే ఏదో అనుమానం వచ్చింది. కాకాకు చూపించాను. ఆయనకు కంటిపొర, ఏమీ లేదన్నాడు. పదకొండో రోజుకు అనుమానం అక్కర్లేకపోయింది. కార్డు మీద మూడో గడి రంగు వచ్చింది. ఫోటో తీసి సారుకు పంపాను.

సారు వెంటనే ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది. ఇంట్లో తండ్రికి జ్వరం, తనకూ మొదలైందన్నాడు.

"చూడు, ఆ పొట్లాల పరీక్ష లెక్కలోకి రాదు. ల్యాబు రిపోర్టు ఉంటేనే రిపోర్టు. ల్యాబు మూసేశారు. నువ్వు పుస్తకంలో రాసి పెట్టు, తెరిచాక పంపుదాం."

"సార్, గోడ అవతల మా గల్లీల బోరున్నది."

సారు దగ్గాడు.

"తెలుసయ్యా. కానీ ఇప్పుడు బయట మాట పొక్కిందంటే జనం రోడ్ల మీదికొస్తారు. అటు జబ్బు, ఇటు పోలీసులు. మనం ఖాయంగా తెలియకుండా చెప్పి వాళ్లని ఇంకా కష్టంలోకి తోసిన వాళ్లమవుతాం. ఎవరికీ చెప్పకు."

ఆయన చెడ్డవాడు కాదు. అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. అందుకే నోరు మూసుకోవడం నాకు తేలికైంది.

ఆ సాయంత్రం నా భార్య మామూలుగానే మాట్లాడింది. కార్పొరేషన్ నల్లా పొద్దున గంటసేపే వస్తుందని, అందరూ ఇండ్లల్లనే ఉండేసరికి ఆ నీళ్లు చాలుతలేవని చెప్పింది. "బట్టలకు, బాసన్లు తోమనీకె వాడే బోరు నీళ్లే ఇప్పుడు వంటకు పడుతున్నం. తాగనీకె మంచిగ కాస్తున్న. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది.

కాస్తే పురుగులు చస్తాయి. ఈ మందు చావదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట నాకు సారే నేర్పాడు. నోటి దాకా వచ్చింది. "సరే" అన్నాను.

అలా మూడు రోజులు 'సరే' అన్నాను. ఈ కథలో నేను చెప్పడానికి సిగ్గుపడేది ఆ మూడు రోజుల గురించే. పొద్దున లేచి ఏడో నంబరు చూసేవాణ్ని, రంగు రాసుకునేవాణ్ని, సాయంత్రం మేడ మీద చెయ్యి ఊపుతున్న పాపను చూసేవాణ్ని. చెప్తే ఏం చేస్తారు, ఎక్కడికి పోతారు, గల్లీకి రెండు దిక్కులా రేకులే కదా అని నాకు నేనే జవాబు చెప్పుకునేవాణ్ని. పళ్లెంలో అన్నం సగం మిగిలిపోయేది. నాలుగో రోజు కాకా నా పళ్లెం చూసి, కూర బాగాలేదా అని హిందీలో అడిగాడు. అప్పుడు ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు బీడీ తాగాడు. తర్వాత, తాను ఈ మిల్లులో ఇరవై రెండేళ్లు పని చేశానని, ఆ గుంతలు పూడ్చినప్పుడు తట్ట మోసినవాళ్లలో తానూ ఒకడినని అన్నాడు. "మాకేం తెలుసు, బురదే అనుకున్నాం. నీకు తెలుసు కదా" అన్నాడు.

లేచి నా భార్యకు ఫోన్ చేశాను.

"ఇగో, నువ్వూ పాపా ఆ బోరు నీళ్లు తాగకుర్రి. వంటకు గుడ వాడకు. నల్లా నీళ్లే జర పొదుపుగ వాడు. ఎవలకు చెప్పకు."

"ఏమైంది?"

చెప్పాను. మాటలు వెతుక్కుంటూ, తడబడుతూ. మొత్తం అయ్యాక అడిగింది.

"ఎన్ని దినాలైంది నీకు తెల్వవట్టి?"

"నాలుగు."

ఫోన్‌లో గల్లీ చప్పుడు వినిపిస్తూ ఉంది. ఎవరో పిల్లవాణ్ని తిడుతున్నారు.

"పక్క గదిల ఆమె బాలింత. ఇరవై దినాల పోరి. ఆమె గుడ ఆ నీళ్లే కాసుకొని తాగుతున్నది. నా బిడ్డ తాగొద్దు గని ఆమె తాగొచ్చునా? ఎవలకు చెప్పకు అంటున్నవ్. ఎట్ల చెప్పకుంట ఉండాలె నేను?"

"సారు చెప్పొద్దన్నడు."

"మీ సారు ఇక్కడ నీళ్లు పడ్తలేడు."

మళ్లీ ఆమే అంది. "ఉత్త మాట చెప్తె ఎవలు నమ్మరు. బోరు మన ఇంటి ఓనర్‌ది. వానికి కోపమొస్తది. నీ కాడ పరీక్ష పెట్టె ఉన్నదంటివి గద. మా బోరు నీళ్లు నువ్వు చూసి చెప్పు. అప్పుడు ఖాయం తెలుస్తది."

వెనక గోడకూ గల్లీకీ మధ్య ఒక సన్నటి మురికి కాలవ సందు ఉంది. అటు దారి లేదు కాబట్టి రేకులు కొట్టలేదు, పోలీసులు కూడా రారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, ఎండకు అందరూ లోపల ఉండే సమయంలో రమ్మన్నాను. గోడ ఇద్దరు మనుషుల ఎత్తు, పైన గాజు పెంకులు. నేను శాంపిల్ తీసే దారానికి సంచి కట్టి గోడ మీదుగా విసిరాను. మొదటిసారి పెంకులకు తట్టుకుంది. రెండోసారి అవతల పడింది.

"అందిందా?"

"అందింది. ఆగు, కడుతున్న."

నెల దాటాక ఆమె గొంతు ఫోన్‌లోంచి కాకుండా వినడం అదే. పాప కూడా వచ్చింది. "పప్పా, నువ్వు గీడనే ఉన్నవా?" అని అడిగింది. ఇంత దగ్గర ఉండి ఎందుకు రాలేదని అందులో ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడనే ఉన్న బిడ్డా" అన్నాను. ఎండకు గోడ కాలుతోంది.

దారం లాగాను. సంచిలో రెండు సీసాలు ఉన్నాయి, పాత మందు సీసాలు, శుభ్రంగా కడిగినవి. ఒకదాని మీద 'బోరు', ఒకదాని మీద 'నల్లా' అని కాగితం అంటించి ఉంది. ఆమె ఎవరూ చెప్పకుండానే రెండూ తెచ్చింది. అలా పోల్చి చూడాలని నాకు కంపెనీలో నేర్పేదాకా తెలియదు.

అక్కడే గోడ నీడలో కూర్చుని పొడి వేశాను. నల్లా నీళ్లు మారలేదు. బోరు నీళ్లను ఐదు నిమిషాలు ఆగి చూడాలి. ఫోన్‌లో గడియారం చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలయ్యాక గొట్టాన్ని కాగితం ముందు పట్టుకున్నాను. కార్డు మీద మొదటి గడి కంటే ఎక్కువ, రెండో గడి కంటే తక్కువ. లేత గులాబీ. గులాబీ కాదని అనుకోవాలంటే అనుకోవచ్చు, అంత లేత. కానీ పక్కనే నల్లా నీళ్ల గొట్టం ఉంది. దాని పక్కన పెడితే అనుకోవడానికి వీల్లేదు.

"చెప్పు" అంది గోడ అవతల నుంచి.

"ఉన్నది. కొంచెమే. గని ఉన్నది."

ఆమె చెప్పుల చప్పుడు దూరమైంది. పాప ఏదో అడుగుతూ వెళ్లింది, మాటలు తెలియలేదు.

తర్వాత జరిగింది ఆమె చెప్పగా విన్నదే. ముందు బాలింత దగ్గరికి వెళ్లింది. ఆమెతో ఇంకో నలుగురు ఆడవాళ్లు కలిశారు, ఇద్దరు తెలుగువాళ్లు, ఒక మరాఠీ ఆవిడ, ఒక ఒడియా ఆవిడ. వాళ్లు వెళ్లి బోరు మోటారు ఫ్యూజులు పీకేశారు. ఓనర్ కేకలేశాడు. ఇది పుకారని, అసలే జబ్బుతో చస్తుంటే ఇదొకటా అని అన్నాడు. మగ్గాల కుర్రాళ్లు కొందరు కూడా ఆడవాళ్ల మీదే కోప్పడ్డారు. స్నానానికి నీళ్లెట్లా అని వాళ్ల బాధ. నా భార్య ఫ్యూజులు కొంగున కట్టుకుని, "తానం లేకుంటె కంపు కొడ్తం, చావం" అందట.

గల్లీ మొత్తానికి ఇక గంటసేపు వచ్చే నల్లా ఒక్కటే. తెల్లవారకముందే బిందెల వరుస మొదలయ్యేది. దూరం పాటించమని పోలీసులు అరిచేవాళ్లు. దూరం నిలబడితే వరుస గల్లీ దాటి రేకుల దాకా పోయేది. రెండు రోజులు పాప తల కడగలేదని, గోక్కుంటోందని చెప్పింది. నీళ్లు తాగొద్దని చెప్పింది నేను. వేరే నీళ్లు ఇవ్వలేనిదీ నేనే. మెట్లెక్కి మేడ వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

పరీక్ష చేసిన పూటే సారుకు ఫోన్ చేసి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన తండ్రిని ముందు రోజే ఆసుపత్రిలో చేర్చారట. తిట్టలేదు.

"చెప్పేశావా? సరే. నేనైతే చెప్పేవాణ్నో లేదో నాకు తెలీదు." తర్వాత, "నీళ్ల ట్యాంకరు కోసం వార్డు ఆఫీసులో నాకు తెలిసినాయన ఉన్నాడు, అడుగుతాను" అన్నాడు.

నేను ఇంకో మాట అడిగాను. పాత షెడ్డు కింద మిల్లు కాలం నాటి సిమెంటు తొట్టి ఒకటి ఉందని, నేలలోకి కట్టిందని, అందులో నెల రోజుల నీళ్లు పడతాయని కాకా చెప్పాడు. అది బాగుంటే శుద్ధి చేసిన నీళ్లను అందులోకి వదిలి పంపు మళ్లీ నడపొచ్చు.

"పగుళ్లుంటే? కారిపోతే?"

"చూసి నింపుతం సార్."

"నాకు రాతపూర్వకంగా పర్మిషన్ ఇవ్వడానికి ఇప్పుడు పైన ఎవరూ లేరు." మళ్లీ ఆయనే అన్నాడు. "ముందు అడుగు వరకు ఎండబెట్టండి. గోడలు గీకండి. వెంట్రుకంత గీత కనిపించినా ఫోటో పంపు."

తొట్టిలో మోకాలి లోతు పాత నీళ్లు, కప్పలు, కూలిన రేకులు ఉన్నాయి. నేను, కాకా ఆరు రోజులు బకెట్లతో తోడాం. ఆ నీళ్లను కూడా పరీక్ష చేశాకే బయట పోశాం, వాన నీళ్లే. మాస్కు, బూట్లు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని ఏప్రిల్ ఎండలో ఆ రేకుల కింద పని చేస్తుంటే ఒళ్లంతా ఉడికిపోయేది. కాకా నడుం పట్టేసి రెండు రోజులు లేవలేదు. మంచం మీద నుంచే ఎక్కడ గీకాలో చెప్పేవాడు. మూడు చోట్ల పగుళ్లు దొరికాయి. సారు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోటోలు చూసి, షెడ్డులో మిగిలిన సామాన్లలో ఏది వాడాలో, ఎంత కలపాలో చెప్పాడు. ఒకసారి మధ్యలో "ఒక్క నిమిషం" అని ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు ఎత్తలేదు. తండ్రి పోయాడని తర్వాత తెలిసింది. మూడో రోజు ఆయనే చేసి, "ఆరిందా?" అని అడిగాడు. ఆరిందన్నాను.

నీళ్ల ట్యాంకరు సారు అడుగుతానన్న ఐదో రోజున గల్లీ రేకుల దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు వచ్చింది. పంపు మే మొదటి వారంలో మళ్లీ మొదలైంది. ఏడో నంబరు రంగు మరో వారం దాకా పెరుగుతూనే ఉంది. పంపు నడుస్తున్నా ఎందుకు పెరుగుతుందో అర్థం కాక నాకు పిచ్చెక్కినట్టయింది. కదిలిన నీళ్లు వెనక్కి మళ్లడానికి టైం పడుతుందని సారు చెప్పాడు. తర్వాత మెల్లగా తగ్గింది. మూడో గడి, రెండో గడి, చివరికి ఒకటి.

అప్పటికి గల్లీ సగం ఖాళీ అయింది. రైళ్లు వేస్తున్నారని తెలిసి మగ్గాల వాళ్లు ఊళ్లకు పోయారు. బాలింత కుటుంబం కూడా పోయింది. నా భార్యను కూడా పోదాం రమ్మన్నారు. నేను గోడ లోపల ఉన్నానని ఆమె కదల్లేదు. జూన్‌లో రేకులు తీసేశారు, కొన్నాళ్లు నా బదులు చూసుకోవడానికి ఇంకో మనిషి వచ్చాడు. నేను వెనక గోడ చుట్టూ తిరిగి ఇంటికి నడిచాను. పాప గుమ్మంలో నిలబడి, ముందు తల్లి వైపు చూసింది, దగ్గరికి పోవచ్చునా అన్నట్టు. నేనే ఆగమని చెప్పి, బయట ఒళ్లు కడుక్కున్నాను. ట్యాంకరు నీళ్లు రెండు చెంబులు. అంతకంటే ఎక్కువ వాడబుద్ధి కాలేదు.

ల్యాబు తెరిచాక రిపోర్టులు వచ్చాయి. పొట్లాల పరీక్ష చెప్పిందే అవీ చెప్పాయి. గల్లీ బోరును సిమెంటుతో మూసేశారు. ఫ్యూజులు పీకినందుకు తిట్టిన ఓనర్, ఆ సిమెంటు పనికి దగ్గరుండి మనుషులకు చాయ్ పోయించాడు. నా మీద కంపెనీ వాళ్లు ఏ చర్యా తీసుకోలేదు. పని సంగతులు ఎవరికీ చెప్పకూడదని చేరినప్పుడు నేను సంతకం చేసిన కాగితం ఇంకా వాళ్ల దగ్గరే ఉండాలి. సారు మరుసటి ఏడు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. కాకా నడుం మళ్లీ నిటారుగా కాలేదు. కొడుకు వచ్చి ఊరికి తీసుకెళ్లాడు.

మట్టి తవ్వడం ఆ తర్వాతి చలికాలంలో మళ్లీ మొదలైంది. గుంతలు ఖాళీ అయ్యాయి. కానీ కింది నీళ్లను ఇంకా చాలా ఏళ్లు చూస్తూ ఉండాలట. మూడు నెలలకొకసారి ఎనిమిది బోర్లకూ గొట్టం వదులుతాను, ఏడో నంబరుకు మాత్రం ఇప్పటికీ రోజూ. ఆ పని వదిలేద్దామని రెండుసార్లు అనుకున్నాను. నా చోట వచ్చేవాడు ఏడో నంబరును రోజూ చూస్తాడో, వారానికొకసారి చూస్తాడో అనిపించి ఆగిపోయాను.

పాపను ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాం. ఎన్ని రోజులు తాగింది, ఎంత తాగింది అని డాక్టరమ్మ అడిగింది. నా భార్య వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. వాటిలో నా మౌనం వల్ల వచ్చిన రోజులు కూడా కలిపే చెప్పింది, కానీ నా వైపు చూడలేదు. రక్తం, మూత్రం పరీక్షలు చేశారు. ఇప్పటికైతే ఏమీ కనిపించడం లేదని, ఏదైనా ఉంటే మళ్లీ రమ్మని పంపించారు. ఏదైనా అంటే ఏదో వాళ్లు చెప్పలేదు. పాపకు కడుపునొప్పి అన్నా, ఒంటి మీద దద్దురు లేచినా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

రెండో ఏడు, కరోనా మళ్లీ తిరగబెట్టి తగ్గాక, గల్లీ మారదామనుకున్నాం. రింగ్ రోడ్ అవతల ఒక గది ఉందని తెలిస్తే చూడటానికి ముగ్గురం వెళ్లాం. గది బాగుంది, కిటికీకి గాలి వస్తోంది. పాపకు నచ్చింది. నా భార్య అన్నీ చూసి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని ఓనర్‌ను హిందీలో అడిగింది. బోరు ఉందని, చల్లటి నీళ్లని ఆయన గొప్పగా చెప్పాడు. ఈ బిల్డింగు కట్టకముందు ఇక్కడ ఏముండేదని అడిగింది. ఆయనకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "మిల్లే. సూరత్‌లో ఇంకేముంటుంది?" అన్నాడు.

ఆలోచించి చెప్తామని కిందికి దిగాం. షేర్ ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. సగం దారిలో నా భార్య అంది.

"అక్కడ ఎవలు చూస్తుండ్రో ఏమో ఆ నీళ్లను. మన గల్లీల నువ్వన్న ఉన్నవ్."

ఆ మాట మెచ్చుకోలుగా అందో, దెప్పిపొడుపుగా అందో ఇప్పటికీ అడగలేదు. లింబాయత్ దగ్గర దిగి, పాలు కొనుక్కుని, ఇంటికి నడిచాం.